తక్కెడ మీద చెయ్యేసి

మా సంఘంలో ఓట్లు లెక్కపెట్టరు, తూస్తారు. రాయచోటిలో మా బజారు కిరాణా కొట్ల సంఘం పుట్టినప్పటి నుంచీ ఇదే పద్ధతి. అధ్యక్ష పదవికి ఇద్దరు నిలబడితే సంఘం హాల్లో పెద్ద ఇత్తడి తక్కెడ వేలాడదీస్తారు. ఎడమ పళ్లెం ఒకరిది, కుడి పళ్లెం ఇంకొకరిది. కొట్టుకొక యాభై గ్రాముల ఇత్తడి రాయి. నచ్చినవాడి పళ్లెంలో అందరూ చూస్తుండగా పెట్టాలి. ఏ పళ్లెం కిందికి దిగితే ఆయనే అధ్యక్షుడు. ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాక కొట్లలో ఈ రాళ్లు కనబడటం మానేశాయి. ఎన్నికలు వస్తే ఇంట్లో పూజగూట్లో వెతుక్కోవడమే.

ఇంకో పద్ధతి కూడా ఉంది. అది నా ప్రాణం తీసింది. తూకానికి ముందు ఒక్కో అభ్యర్థి తరఫున ఒక్కొక్కరు లేచి, తక్కెడ కాడ మీద చెయ్యేసి, తానెందుకు ఆయన పక్షమో మైకులో చెప్పాలి. ఊరి బాగు, సంఘం ప్రగతి లాంటి మాటలు చెల్లవు. సొంత కారణం చెప్పాలి. వ్యాపారస్థుడు ఊరి బాగు అన్నాడంటే ఏదో దాస్తున్నాడని మా పెద్దలకు బాగా తెలుసు.

2007లో మునిరత్నం నిలబడ్డాడు. పప్పుల కొట్టాయన, నెమ్మదస్థుడు. ఆయన మీద నిలబడింది మా బావ రాఘవేంద్రప్రసాద్. నా భార్య సుచరితకు సొంత అన్న. బజార్లో ఆయన కొట్టు సరిగ్గా నా కొట్టుకు ఎదురు. నేను మునిరత్నం తరఫున మాట్లాడతానని ఒప్పుకున్నాను.

మునిరత్నం చెప్పింది ఒక్కటే మాట. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి బజారంతా మూయాలి. బావ చెప్పిందీ ఒక్కటే మాట. మూడొందల అరవై ఐదు రోజులూ తెరిచే ఉండాలి.

సెలవు అనేది మాకు కొత్త కాదు. పదేళ్లలో నాలుగుసార్లు పెట్టుకున్నాం, నాలుగుసార్లూ మేమే చంపుకున్నాం. ఎలాగంటే, సెలవు రోజున ప్రతివాడూ కొట్టు దగ్గరికి వచ్చి, దుమ్ము దులపాలని సగం షట్టర్ ఎత్తుతాడు. ఎదురు కొట్టువాడు అది చూసి తనూ సగం ఎత్తుతాడు. పావుగంటలో బజారంతా సగం షట్టర్ల కింద వంగి వంగి బేరాలు. నేనూ ఎత్తాను, అబద్ధం ఎందుకు? నా ఎదురుగా బావ మోకాళ్ల మీద కూర్చుని చింతపండు పొట్లం కడుతుంటే నేను ఇంట్లో ఎలా కూర్చుంటాను?

మునిరత్నం దానికి మందు కనిపెట్టాడు. ఆదివారం ఒంటిగంటకు నా షట్టర్‌కు ఎదురు కొట్టువాడి తాళం, ఎదురు కొట్టుకు నా తాళం వేయాలి. తాళంచెవులు సోమవారం పొద్దున మార్చుకోవాలి. ఇంత తెలివైన మాట మా బజార్లో నేను ఎన్నడూ వినలేదు.

"నా తరఫున నువ్వే మాట్లాడాలప్పా" అన్నాడు మునిరత్నం. "బందు అంటే అందరూ తిట్టుకుంటా షట్టర్ దించుతారు. మళ్లీ బందు ఎప్పుడని అడిగేది నువ్వొక్కడివే. నేను శానాసార్లు విన్నా."

సరే అన్నాను. ఆ రోజు నుంచీ ఇంట్లో నాకు నరకం మొదలైంది.

"మా అన్న మీద మీకేం కోపం?" అని అడిగింది సుచరిత.

"కోపం ఏమీ లేదు."

"మునిరత్నం మీకేమైతాడు?"

"ఏమీ కాడు."

"మరి ఎందుకు?"

అసలు కారణం నోటిదాకా వచ్చింది. కానీ పందొమ్మిదేళ్ల సంసారంలో అలాంటి మాట నేను ఎప్పుడూ అనలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. "సంఘం బాగు కోసం" అన్నాను.

"సంఘం బాగా! ఇంట్లో గ్యాసు అయిపోయి మూడు దినాలైనా తెలీని మనిషికి సంఘం బాగంట! మా అన్న అధ్యక్షుడైతే మీకు కడుపుమంట, అంతే గదా?"

అంతే, మాటలు ఆగిపోయాయి. ఆ తర్వాత ఎనిమిది రోజులు మా అమ్మాయి హర్షిణే మా ఇద్దరికీ టెలిఫోను. ఇంటర్ చదువుతోంది, దానికి ఇదంతా మహా సరదా. "నాయనా, అమ్మ నీళ్లు కాగినాయని చెప్పమనింది. ఇంకా, స్నానం చేస్తే చేయమను లేకుంటే ల్యా అని కూడా చెప్పమనింది" అని నవ్వేది. కొట్టుకు పంపే క్యారియర్లో ఊరుబిండి, అదే వేరుసెనగ పచ్చడి, మాయమైంది. ఊరుబిండి లేకుండా రాగిసంగటి తినడం కన్నా జైలు నయం. అయినా నాకు దిగులు ఊరుబిండి గురించి కాదు. సుచరిత నన్ను అసూయపరుడనుకుంటోంది. అది మాత్రం నేను తట్టుకోలేకపోయాను.

ఎన్నిక గురువారం పొద్దున ఏడు గంటలకు, కొట్లు తెరవకముందే పెట్టారు. బయలుదేరేటప్పుడు "ఓటు రాయి కావాలని మీ అమ్మకు చెప్పు" అన్నాను హర్షిణితో. పూజగూట్లో మా నాయన కాలం నాటి రాళ్లు రెండున్నాయి. సుచరిత లోపలి నుంచి ఒకటి తెచ్చి, నా మొహం చూడకుండా హర్షిణి చేతిలో పెట్టింది. హర్షిణి నా చేతిలో పెట్టింది. నేను జేబులో వేసుకున్నాను.

మా ఇల్లు సంఘం హాలు వెనక సందులోనే. హాలు పైన హారన్ మైకు ఉంది. ఆ మైకులో దగ్గినా మా వంటింట్లో వినబడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే వెళ్లాను.

ఎన్నిక నడిపేది బెల్లం కొట్టు ఓబుళేశు తాత. ఎనభై ఏళ్లు, చెవి పాముచెవి. ముందు బావ తరఫున నూనె కొట్టు ప్రదీప్‌కుమార్ లేచి తక్కెడ మీద చెయ్యేశాడు.

"మన బజారు అభివృద్ధి చెందాలంటే, మన ఊరి ప్రజల సౌకర్యం కోసం..."

"ఊరి సంగతి వద్దప్పా, నీ సంగతి చెప్పు" అన్నాడు తాత.

ప్రదీప్‌కుమార్ కాడ మీద చెయ్యి తీసి మళ్లీ వేశాడు. "ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఉంటే మా ఆడోళ్లు బియ్యం చెరగమంటారు" అన్నాడు చివరికి. హాలంతా చప్పట్లు కొట్టింది. బలమైన కారణమే, కాదనను.

తర్వాత నన్ను పిలిచారు. తక్కెడ కాడ చల్లగా తగిలింది. ముందు వరసలో బావ కాలు మీద కాలు వేసుకుని నా వైపే చూస్తున్నాడు.

"నా కారణం మా ఇంటామె" అన్నాను.

గొల్లుమన్నారు. తాత కర్రతో నేల మీద కొట్టాడు. ఒకసారి నోరు తెరిచాక ఇక నాకు సిగ్గు పోయింది.

"నవ్వండి, నవ్వండి. పోయినేడు ఆషాఢంలో ఒక బందు వచ్చింది, గుర్తుందా? ఎవరు పిలిచినారో, ఎందుకో నాకు తెలీదు. పదకొండు గంటలకే షట్టర్ దించి ఇంటికి పోయినా. పొద్దున్నే కొట్టుకు పోయి రాత్రికి ఇల్లు జేరే మనిషిని నేను. మధ్యాహ్నం మా ఇల్లు ఎట్లుంటాదో ఆ పొద్దు చూసినా. మా వంటింటి కిటికీలో నుంచి ఎండ లోపలికి పడ్తాదప్పా! ఆ ఇల్లు కట్టించింది నేనే, నాకే తెలీదు."

ఇప్పుడెవరూ నవ్వలేదు.

"నాకు ఒంటిగంటకు క్యారియర్ వస్తాది. మూటల సందున కూచ్చోని తింటా. ఆమె ఎప్పుడు తింటాదో ఏనాడూ అడగలా. ఆ పొద్దు అడిగితే తెలిసింది, రోజూ పనంతా అయినాక మూడున్నరకు, పొయ్యికాడ నిలబడుకోని చల్లారిన సంగటి తింటాది. పందొమ్మిదేండ్లుగా అంతే! ఆ పొద్దు ఇద్దరం కూచ్చోని వేడివేడిగా తిన్యాము. తిన్యాక నేల మీద సుద్దతో గళ్లు గీసి అష్టాచెమ్మా ఆడదాం రమ్మన్యాది. మూడాటలు వరసగా నన్ను ఓడించింది. ఓడించి నవ్వింది సూడండీ... మా ఆమె అంత గట్టిగా నవ్వుతాదని నాకు తెలీదు. పెండ్లయిన కొత్తలో కూడా నేను ఆ నవ్వు వినలా. ఎందుకంటే అప్పుడూ నేను కొట్లోనే ఉండా."

 తక్కెడ కాడ మీద చెయ్యి సర్దుకుని మళ్లీ అందుకున్నాను.

"నాలుగో ఆట సగంలో ఉండంగా ఆరు గంటలకు బందు అయిపోయింది. బయట షట్టర్లు లేస్తాండే సప్పుడు. నేను లేచి వచ్చేసినా. పోనీ ఇంగొకపొద్దు మూసేద్దామంటే ఎదురుగా మా బావ కొట్టు తెరిచి ఉంటాది. నాకు బావ మీద కోపం ల్యా. నాకు పిల్లనిచ్చిన ఇంటి మనిషి ఆయన. కానీ ఆయన పిల్లనైతే ఇచ్చినాడు, ఆ పిల్లతో కూచ్చునే తీరిక ఈయకుండా ఎదురుగా షట్టర్ ఎత్తుతాండాడు. సుచరితతో వారానికొక పూట అన్నం తినాల నేను. అందుకే నా ఓటు మునిరత్నానికి. ఇంతే నా సొంత కారణం."

మైకులో భార్య పేరు పెట్టి చెప్పానని కూర్చున్నాక గానీ తెలియలేదు. చెవులు కాలిపోయాయి. బావ తలవంచుకుని కండువా అంచు మడతపెడుతున్నాడు.

తూకం మొదలైంది. నలభై రెండు కొట్లు. ఒక్కొక్కరే వచ్చి, తక్కెడకు దండం పెట్టి, రాయి పెట్టి పోతున్నారు. నేను నా రాయిని మునిరత్నం పళ్లెంలో పెట్టాను. అందరిదీ అయ్యేసరికి అరగంట పట్టింది. లెక్కించకూడదన్నది నియమమే గానీ మనసులో లెక్కించని వ్యాపారి ఉంటాడా? ఇటు ఇరవై ఒకటి, అటు ఇరవై ఒకటి.

పళ్లాలు ఊగాయి. ఊగి ఊగి, బావ పళ్లెం వేలెడు మందం కిందికి దిగి నిలిచింది. నా గుండె కూడా దానితోపాటే దిగింది. ఓబుళేశు తాత కర్ర ఊతంగా లేచి "మన కొత్త అధ్యక్షుడు..." అన్నాడు.

"ఆగు తాతా!"

వాకిట్లో సుచరిత నిలబడి ఉంది. వంటింట్లో నుంచి ఉన్నపళంగా వచ్చినట్టుంది, కొంగుకు పిండి అంటుకుని ఉంది. మా సంఘం హాల్లోకి అంతవరకూ ఆడమనిషి అడుగు పెట్టలేదు. ఆమె ఎవరినీ చూడకుండా నేరుగా తక్కెడ దగ్గరికి నడిచింది.

"మా కొట్టు రాయి తప్పు రాయి" అంది. "మా ఇంట్లో రెండు రాళ్లుండాయి. ఒకటి పూజలో పెట్టి, పందొమ్మిదేండ్లుగా చింతపండేసి నేను తోమి తోమి అరగదీసినా. ఇంగొకటి గుడ్డలో చుట్టి ఉండాది. పొద్దున ఈయన మీద కోపంతో కావాలనే అరిగిపోయిందాన్ని ఇచ్చినా. అప్పుడు నాకు సంగతి తెలీదు." ఆమె మైకు వైపు చెయ్యి చూపింది. "ఇప్పుడు తెలిసింది. ఇది ఎయ్యండి."

కొంగుముడి విప్పి పసుపు గుడ్డలో చుట్టిన రాయి తీసింది.

"ఇదెక్కడి న్యాయం తాతా?" అని లేచాడు ప్రదీప్‌కుమార్. "ఓటేసినాక మార్చొచ్చునా?"

తాత కర్ర ఎత్తి అతన్ని కూర్చోమన్నాడు. "ఓటు మార్చకూడదని ఉండాదప్పా. రాయి మార్చకూడదని యాడా ల్యా."

సుచరిత అరిగిన రాయి తీసి, మంచి రాయి పెట్టింది. మునిరత్నం పళ్లెం మెల్లగా దిగింది. సమానానికి వచ్చింది. అక్కడ ఆగుతుందనుకున్నాం. ఆగలేదు. ఇంకో రెండు వేళ్లు దిగి నిలిచింది.

 ఇరవై ఒకటికి ఇరవై ఒకటి. అంటే బావ పళ్లెంలో కూడా ఎవరివో అరిగిన రాళ్లున్నాయి.

"ఏమప్పా" అన్నాడు తాత, నలభై రెండు మొహాలనూ ఒక్కొక్కటే చూస్తూ. "ఒక్కో రాయినీ తీసి కాటా మీద పెట్టి చూద్దామా?"

ఒకడు పైకప్పు చూశాడు, ఒకడు చెప్పులు వెతుక్కున్నాడు. ప్రదీప్‌కుమార్ అందరికన్నా ముందు "ఎందుకులే తాతా, కొట్లు తెరిచే టైమయింది" అన్నాడు. మిగిలినవాళ్లంతా అవునంటే అవునన్నారు. మునిరత్నం అధ్యక్షుడయ్యాడు.

బావ సుచరిత దగ్గరికి వచ్చాడు.  "సొంత చెల్లెలే నన్ను తూకమేసి ఓడించిందప్పా" అని పకపకా నవ్వాడు. నా భుజం మీద ఒకటి గట్టిగా చరిచి, "తాళం మంచిది కొనుక్కో. నీ పాత తాళం నా కొట్టుకు ఒప్పుకోను" అన్నాడు.

మొదటి ఆదివారం ఒంటిగంటకు బావ తాళం నా షట్టర్‌కు, నా కొత్త తాళం ఆయన షట్టర్‌కు పడ్డాయి. నేను ఇంటికి పోయేసరికి రెండు కంచాలు పెట్టి ఉన్నాయి. రెండింట్లో ఊరుబిండి ఉంది. హర్షిణి స్నేహితురాలి ఇంటికి పోయిందట, సుచరితే పంపించి ఉంటుంది.

తిన్నాక ఆమె వంటింటి నేల తుడిచి, కిటికీ ఎండ పడే చోట సుద్దతో గళ్లు గీసింది. కొత్త ఆట అనుకుని నేను నా కాయలు సర్దుకోబోయాను.

"ఆగండి. మీ కాయ ఈడ ఉన్నింది, ఇది ఈడ" అంటూ ఆమే ఒక్కొక్కటీ పెట్టింది. ఎనిమిది నెలల కిందట నేను మధ్యలో వదిలేసి పోయిన నాలుగో ఆట. ఒక్క కాయ కూడా మరిచిపోలేదు. ఆమె చివరి కాయ పండటానికి ఒక్క గడి దూరంలో ఉంది.

"ఒకటి పడితే నాదే గెలుపు" అంది గవ్వలు గుప్పిట్లో గిలకొడుతూ.

గవ్వలు వేసింది. నాలుగు పడ్డాయి. విసుక్కుని నవ్వింది. మళ్లీ వేసింది, రెండు. ఆమెకు ఒకటి పడకూడదని నేను లోలోపల వెయ్యి దేవుళ్లకు మొక్కుకుంటున్నాను. పడితే ఆట అయిపోతుంది.