నూగు ఏ వైపు?

పెళ్లై నలభై రోజులు. ఈ ఇంట్లో నాకు నచ్చనిదంటూ ఇంకా ఏదీ దొరకలేదు. తిప్పగానే కూనిరాగం తీసే వంటగది కుళాయి కూడా ముద్దొస్తోంది. కానీ మొన్న మంగళవారం మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి.

మా అత్తయ్య అతుకుల బొంతలు కుడతారు. కుట్టేముందు గుడ్డముక్కలన్నీ కుట్టుగది నేల మీద పరిచి, ఏ రంగు పక్కన ఏది ఉండాలో చూసుకుంటారు. ఈసారి డెబ్భై రెండు ముక్కలు. అరిగిన మోకాళ్లతో వంగుతూ, లేస్తూ, "అబ్బా" అంటూ తొమ్మిది రోజులు వాటిని అటూ ఇటూ జరిపారు. సోమవారం సాయంత్రం "కుదిరింది" అన్నారు. ఆవిడ నోట అంతకు మించిన మెచ్చుకోలు నేనింకా వినలేదు.

ఇక కుట్టాలంటే ఒక్కో ముక్కకీ మళ్లీ వంగాలి. అందుకే ఆవిడ మోకాళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లగానే, మా ఆయనా నేనూ గోడ పనిలో దిగాం. గోడకు ఫోమ్ బోర్డు బిగించి, దానిమీద ఫ్లానెల్ గుడ్డ లాగి పిన్నులు కొడితే డిజైన్ వాల్ తయారు. ముక్కని అలా అద్దితే చాలు, అంటుకుని నిలబడుతుందట.

"ముందు ఫోటో తీసుకోవే," అన్నాడు మా ఆయన.

"ఎందుకండీ? ఒక్కో వరసా ఎత్తి అలాగే పెట్టేస్తాగా. నా జ్ఞాపకశక్తి సంగతి మీకు తెలీదు!"

నిజంగానే పెట్టేశాను. నేల మీది తోట గోడెక్కినట్టుంది. చప్పట్లు కొట్టాను. చెమటలు కక్కుతున్న మా ఆయన ఫ్యాన్ వేశాడు.

మూలన ఒక పసుపు ముక్క జారింది. "అయ్యో" అనేలోపు దాని పక్కది. ఆపైన వరసలకు వరసలు. డెబ్భై రెండూ నేల మీద కుప్ప.

జ్ఞాపకశక్తి ఎటు పోయిందో గానీ, పైవరస తప్ప ఏదీ గుర్తుకు రాలేదు. నీలం తర్వాత గళ్లా, చుక్కలా?

"అమ్మకి ఏం చెప్తావ్?"

"'చెప్తావ్' ఏంటి? ఫ్యాన్ వేసిందెవరు?"

అప్పుడే గేటు చప్పుడైంది. తలుపు వేసేద్దామా అనుకున్నాను, చేతులు రాలేదు.

అత్తయ్య గుమ్మంలో నిలబడ్డారు. కుప్పని చూశారు. గోడని చూశారు. తిట్టినా బాగుండు.

"నేనేనండీ, అత్తయ్యా. ఫోటో కూడా తియ్యలేదు," అన్నాను. ఏడుపు ఆగలేదు.

ఆవిడ మెల్లగా వచ్చి గోడ మీది గుడ్డని అరచేత్తో నిమిరారు. "అమ్మాయ్, చెయ్యి పెట్టు."

పెట్టాను. నున్నగా ఉంది.

"నూగు ఏదీ?"

నూగు వైపు లోపలికి తిప్పి కొట్టేశాం! పిల్లి బొచ్చులా ఉండాల్సిన వైపు, ముక్కల్ని పట్టుకోవాల్సిన వైపు, హాయిగా బోర్డుని కౌగిలించుకుని పడుకుంది.

"చదువుకున్నవాళ్లు ఇద్దరు," అన్నారు అత్తయ్య, కుర్చీ లాక్కుంటూ. "పిన్నులన్నీ పీకండి."

పీకాం. గుడ్డ తిప్పి మళ్లీ కొట్టాం. ఆవిడ కుర్చీలోంచే వేలు చూపించారు. "ఆ గళ్లది పైకి. కాదు, ఇంకా పైకి. చుక్కలది దాని పక్కన." నేను వంగాను, లేచాను, "అబ్బా" అన్నాను. ఆవిడ ఒక్కసారి కూడా వంగలేదు.

ఆఖరి ముక్క అద్దాక చాలాసేపు చూశారు.

"మొదటిదే బాగుండేది," అన్నారు.

నేను మళ్లీ ముక్కలు పీకబోయాను.

"ఇదీ పర్లేదు. రేపు కుడదాం. నువ్వు అందించు."

సంతోషం పట్టలేక మా ఆయన మళ్లీ స్విచ్ వైపు చెయ్యి చాచాడు.

"ఒరేయ్!" "ఏమండీ!" ఇద్దరం ఒక్కసారే అరిచాం.

ఫ్యాన్ తిరిగింది. పసుపు ముక్క అంచు లేచింది, ఊగింది. ముగ్గురం దానివైపే చూస్తూ నిలబడిపోయాం.

అంటుకునే ఉంది.