పేరుతో పిలిస్తేనే పలుకుతుంది

మురళీమోహన్ సార్ పాఠం బాగా చెబుతాడని శ్రీకాకుళంలోని ఆ డిగ్రీ కాలేజీలో పేరు. బాగానే చెబుతాడు, కాదనను. కాకపోతే ఆయనకు పాఠం మీదున్న ప్రేమ మనుషుల మీద ఉండదు. ఆ రోజు పెర్ల్ అనే కంప్యూటర్ భాషలో సబ్‌రొటీన్లు మొదలుపెట్టాడు.

"అవే లైన్లు పది చోట్ల రాస్తే చేతుల నొప్పి తప్ప ఏటుంది? ఒక్కచోట రాసి, దానికో పేరు పెట్టండి. కావాల్సినప్పుడల్లా ఆ పేరుతో పిలవండి. వస్తాది, పని చేస్తాది, ఫలితం తెచ్చి పిలిచినోళ్ల చేతిలో పెడతాది."

సగంమందికి ఎక్కలేదు. సార్ చుట్టూ చూశాడు. వరండాలో ఆయా గురమ్మ ఊడుస్తోంది. ఆయన మొహం వెలిగింది.

మూడో బెంచీలో హేమ పుస్తకంలోకి తల దించేసుకుంది. గురమ్మ ఆమె తల్లి. శ్రీకూర్మం దగ్గరి పల్లె నుంచి ఇద్దరూ ఒకే బస్సులో వస్తారు, వేరువేరు సీట్లలో కూర్చుంటారు. "కాలేజీలో నన్ను పలకరించకమ్మా" అని చేరిన రోజే హేమ మాట తీసుకుంది. చేపల గంప మోసి పిల్లను పెంచిన మనిషికి నామోషీ అంటే ఏమిటో ఒకరు చెప్పాలా? సరేనంది.

"గురమ్మా" అని పిలిచాడు సార్. వచ్చింది. "ఆఫీసులోంచి ఎర్ర సుద్దముక్క తే." మెట్లు దిగి, ఎక్కి, తెచ్చి ఇచ్చింది.

"సూసారా? ఎలా తెచ్చిందో మనకనవసరం. పేరు, రంగు సెప్తే చాలు. రంగు మారిస్తే తెచ్చేదీ మారతాది."

క్లాసుకు హుషారు పుట్టింది. భాస్కర్ నీలం తెప్పించాడు. అనూరాధ పచ్చది తెప్పించింది. గురమ్మ రొప్పుతూనే నవ్వుతోంది.

"హేమా, ఇప్పుడు నువ్వు."

హేమ లేచింది. "ఆయమ్మా" అంది ఎలాగో.

"తప్పు. కంప్యూటర్‌కి వరసలు తెలీవు. పెట్టిన పేరుతో పిలిస్తేనే పలుకుతాది."

కన్నతల్లిని హేమ పేరు పెట్టి పిలిచింది. "గురమ్మా. తెల్లది."

గురమ్మ తలెత్తకుండా వెళ్లి తెచ్చి, కూతురి అరచేతిలో పెట్టి, "ఇంకేటైనా కావాలా మేడమ్?" అంది.

హేమకు తల కొట్టేసినట్టయింది. ఇక ఉండబట్టలేకపోయింది.

"సార్, ఈవిడ మా అమ్మ."

సార్ మొహం పాలిపోయింది. గురమ్మ మాత్రం కూతురి వైపు చూడలేదు, బెంచీల మీది మొహాలను ఒక్కొక్కటే చూసింది.

"కాదు బాబూ" అంది. "నాను ఆళ్లమ్మలా అగుపడుంటాను. సిన్నపిల్ల, ఏదో అంతన్నాది. ఈ పాపెవులో నానెరగను."

ఎవరో కిసుక్కున నవ్వారు. సార్ హమ్మయ్య అనుకుని, "కూర్చో హేమా" అన్నాడు. గురమ్మ చీపురు తీసుకుని పక్క గదికి వెళ్లిపోయింది.

ఇంకొక్కసారి చెబితే చాలు, అందరూ నమ్మేవారు. మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ తల్లి కాదనగానే హేమ గుండె తేలికపడింది. ఆ సంగతి ఆమెకు తెలిసి సిగ్గేసింది. తల్లిని పేరు పెట్టి పిలిచినప్పుడు కూడా అంత సిగ్గు వేయలేదు.

అయినా కూర్చుంది.