పేరున్న కంచం

నేను ఒక స్టీలు కంచాన్ని. తణుకులో ఒక సామాన్ల కొట్లో దమయంతి టీచరుగారు నన్ను కొన్నప్పుడు, కొట్టువాడు గుర్రుమనే చిన్న మిషనుతో నా అంచు మీద ఆవిడ కొడుకు పేరు 'భార్గవ్' అని చెక్కాడు. ఈ మనుషులకు సామాన్ల మీద పేర్లు చెక్కించడమంటే మహా సరదా. పేరుంటే చాలు, ఎక్కడికెళ్లినా తిరిగొస్తాయని వాళ్ల ధీమా. అన్నప్రాసన నాడు ఆ బుజ్జి వెధవ పాయసం వదిలేసి నన్నే చప్పరించాడు.

వాడు పెద్దవాడయ్యాడు. తండ్రి పోయాక ఏ ఉద్యోగమూ నిలవలేదు, తాగుడు మాత్రం నిలిచింది. ఒక మధ్యాహ్నం పప్పులో ఉప్పు లేదని అన్నంతో సహా నన్ను గోడకేసి కొట్టాడు. నా అంచు సొట్టబోయింది.

"ఇంక ఈ ఇంట్లో నీకు కంచం లేదు, పోరా!" అంది టీచరుగారు.

వాడు నిజంగానే పోయాడు. గోడ మీది పప్పు ఆవిడే తుడుచుకుంది. నన్ను కడిగి బియ్యం డబ్బా వెనక్కి నెట్టేసింది. ఊరి పిల్లలందరికీ బుద్ధులు చెప్పే మనిషి కదా, అడిగినవాళ్లకి "మావాడు హైదరాబాదులో కంపెనీలో చేరాడండీ" అని చెప్పడం మొదలుపెట్టింది. చెప్పిన ప్రతిసారీ వంటింట్లోకొచ్చి మొహం కడుక్కునేది. సిగ్గు నీళ్లతో పోతుందా? నా సొట్టలో ఇరుక్కున్న పప్పు మరకే పోలేదు.

వినాయక చవితి నాడు పక్కింటికి ఉండ్రాళ్లు పంపబోతూ, గిన్నె మీద మూతకి ఏదీ దొరక్క, హడావిడిలో నన్నే లాగి బోర్లించింది. పేరు చూసుకోలేదు.

మా వీధిలో ఇరుగుపొరుగు గిన్నెను ఖాళీగా తిరిగివ్వరు. సాయంత్రం పక్కింటి మాణిక్యాంబగారు నా నిండా జంతికలు పోసుకుని స్వయంగా వచ్చింది.

"భార్గవ్ కంచం కదా వదినగారూ ఇది! మొన్న నిడదవోలు స్టేషను దగ్గర మీవాణ్ణి చూశానండీ. బాగా చిక్కిపోయాడు."

"మావాడెందుకుంటాడండీ అక్కడ? హైదరాబాదులో ఉన్నాడు. మీరెవర్నో చూసుంటారు."

మాణిక్యాంబగారు నన్ను గట్టు మీద పెట్టి వెళ్లిపోయింది. టీచరుగారు నా మీది పేరు కేసి చూస్తూ నిలబడింది. కొడుకు తాగినందుకు ఇన్నాళ్లూ సిగ్గుపడింది. అక్కడున్నది వాడు కాదన్నందుకు ఇప్పుడు తలెత్తుకోలేకపోయింది. ఉన్నపళంగా చెప్పులైనా లేకుండా వీధిలోకి పరిగెత్తింది. ఆవిడ గొంతు నాకు వంటింట్లోకి వినిపించింది.

"వదినగారూ, ఆగండి! వాడేనండీ. నేనే పొమ్మన్నాను. తింటున్నాడా... అన్నం తింటున్నాడా?"

"తినడం నేను చూళ్లేదండీ. ఓ హోటల్లో కంచాలు కడుగుతున్నాడు."

నన్ను గోడకేసి కొట్టిన చేతులు అవే. నవ్వొచ్చేదే, కానీ తిరిగొచ్చిన ఆవిడ నన్ను ఒళ్లో పెట్టుకుని ఏడుస్తుంటే నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు నేను అలమారలో ముందు వరసలో, పేరు కనబడేలా ఉన్నాను. పాలావిడ మొన్న అడిగింది, "అబ్బాయిగారు హైదరాబాదులో కులాసానా అమ్మా?" అని.

"హైదరాబాదు కాదమ్మా. నిడదవోల్లో, హోటల్లో కంచాలు కడుగుతున్నాడు," అంది టీచరుగారు. మాట మార్చలేదు.

నాలో ఇప్పుడు ఎవరూ తినరు. అయినా రోజూ అంట్లతో పాటు నన్నూ దించి, సొట్ట దగ్గర నెమ్మదిగా తోమి, మళ్లీ అక్కడే పెడుతుంది.