శాంతంగారు

బకెట్లో మోచెయ్యి ముంచి చూశాడు. వేడి ఇంకాస్త తగ్గాలి. చన్నీళ్ళ కుళాయి తిప్పి, అది దగ్గి దగ్గి ధార కట్టేదాకా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. రబ్బరు ఏప్రన్ బరువుకు మెడ లాగుతోంది. సగం వార్డుకు స్నానాలయ్యాయి. గచ్చుమీద సబ్బు నురగ మెల్లగా జారి తూములోకి పోతోంది. వంగిన నడుము మళ్ళీ లేవాలంటే ఈమధ్య దాన్ని కొంచెం బతిమాలుకోవలసి వస్తోంది.

ఊరి చివరి పిచ్చాసుపత్రి అది. మగవాళ్ళ వార్డులో ఒళ్ళు తోమడం, గడ్డాలు గీయడం, పక్కబట్టలు మార్చడం అతని పని. కొత్తగా వచ్చిన నర్సులు అతన్ని "శాంతంగారూ" అని పిలుస్తారు. అదే అసలు పేరనుకుంటారు. నిజానికి అది కుర్రతనంలో జైలు వార్డర్లు పెట్టిన పేరు. తుపాకీ పట్టనన్నవాడికి మగపేరెందుకని "శాంతమ్మ" అన్నారు. ఆ ఎగతాళి ఏళ్ళమీద అరిగి అరిగి, చివరికి మర్యాదగా మారి ఆగింది. అతనూ ఎవర్నీ సరిదిద్దలేదు. అంత ఓపిక లేదు.

యుద్ధానికి రమ్మని పిలుపొచ్చేనాటికి అతనూ బావా ఒకే కలప అడితిలో పని చేసేవాళ్ళు. బావంటే అక్క మొగుడు. అంతకుముందు నుంచే స్నేహితుడు. బావ వెళ్ళాడు. ఇతను వెళ్ళనన్నాడు. విచారణకు కూర్చున్న పెద్దమనిషి కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టి అడిగాడు.

"శత్రువొచ్చి మీ అక్కను పొడవబోతే చూస్తూ ఊరుకుంటావా?"

అక్క వెనక బెంచీమీదే ఉంది.

"ఊరుకోనండి. అడ్డం పడతాను."

"పడితే నువ్వు చస్తావు."

"చస్తానండి. చంపడం మాత్రం నావల్ల కాదు. ప్రభువు వద్దన్నాడు."

ఎవరో నవ్వారు. అంతకంటే బాగా చెప్పడం అతనికి అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాదు. శత్రువును ప్రేమించమన్న మాటను చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని విన్నాడు. విన్నది విన్నట్టే నమ్మాడు. దానికి మినహాయింపులుంటాయని ఎవరూ ముందుగా చెప్పలేదు. చెప్పాల్సిన పాస్టరుగారు, ఆ ఆదివారం సైన్యంలోకి పోయేవాళ్ళ తలలమీద చేతులుంచి దీవించి, ఇతనున్న వరస రాగానే పక్క తలుపులోంచి దిగిపోయారు. గుండె జబ్బుందని ఒక్క అబద్ధం ఆడి ఉంటే జైలు తప్పేది. అడితి యజమాని ఆ సలహా కూడా ఇచ్చాడు. అబద్ధం ఆడటం అతనికి చేతకాలేదు.

జైలు తర్వాత ఇక్కడికి పంపారు, ఈ పనికి మరెవరూ రారు కాబట్టి. యుద్ధం ముగిసి, తనలాగే జైలునుంచి ఇక్కడికొచ్చిన తోటివాళ్ళంతా ఇళ్ళకు పోయినా అతను ఉండిపోయాడు. ఎందుకంటే బావ ఒంటిమీద గీత పడకుండా తిరిగొచ్చాడు కానీ, వచ్చిన కొన్నాళ్ళకే ఈ వార్డులో చేరాడు. చేర్పించిన రోజు గేటు దగ్గర అక్క ఇతని మొహం చూడకుండానే అంది: "నువ్వూ పక్కనుండుంటే ఆయన ఇలా అయ్యేవారా?" ఆ తర్వాత ఇన్నేళ్ళుగా ఆమె అతనితో మాట్లాడలేదు. ఆమె చూడటానికొచ్చే మధ్యాహ్నాలు అతను లాండ్రీ గదిలో దుప్పట్లు మడతపెడుతూ కూర్చుంటాడు. ఇద్దరి జుట్లూ వేరువేరుగా నెరిశాయి.

బావకు స్నానం అందరికంటే చివర. తొందరపడనక్కర్లేకుండా.

"బావా, భుజంమీద నీళ్ళు పోస్తున్నా."

పోశాడు.

"బావా, వీపు తోముతున్నా."

చెప్పకుండా తాకితే బావ ముడుచుకుపోయి గోడ మూలకు చేరతాడు. ఒకప్పుడు దుంగలెత్తిన చేతుల్లో ఇప్పుడు తోలు ఎముకలమీద వేలాడుతోంది. తోమడం అయ్యాక, రోజూలాగే, బావ తడి చెయ్యి చాపి ఇతని ఎడమ పక్కటెముకల కింద రెండు వేళ్ళు ఆనించాడు.

"తగ్గిందా?"

"తగ్గింది."

"నొప్పి?"

"ఏం లేదు."

మొదట్లో ఇదేమిటో తెలియలేదు. బావ నిద్రలో పలవరించిన మాటలు ఒకదానికొకటి అతుక్కోగా చాన్నాళ్ళకు అర్థమైంది. ఎక్కడో ఒక కందకంలో బావ తుపాకీ చివరి కత్తితో ఒక కుర్రాణ్ణి అక్కడ పొడిచాడు. ఇతన్ని ఆ కుర్రాడనుకుంటున్నాడు. జైలు తప్పించుకోవడానికి కూడా నోరు పెగలనివాడు ఆనాటి నుంచి ప్రతి ఉదయం ఈ అబద్ధం ఆడుతూనే ఉన్నాడు. ప్రార్థనలో దీని గురించి క్షమాపణ అడగాలో, అక్కర్లేదో తేల్చుకోలేకపోయాడు. తేలకుండానే నిద్ర పట్టేసేది.

ఇవాళ బావ చెయ్యి వెంటనే తీయలేదు. ఇతని మొహంలోకి కాసేపు చూశాడు.

"అయితే ఇంటికి పో మరి. మీవాళ్ళు చూస్తుంటారు."

ఈ మాట ఎన్నడూ అనలేదు.

"పోతాలే బావా," అన్నాడు.

భోజనాలయ్యాక బావను కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, మంచాల దుప్పట్లు మార్చే పనిలో పడ్డాడు. తిరిగొచ్చేసరికి బావ గడ్డంమీద అన్నం మెతుకు ఒకటి అంటుకుని ఉంది.

"బావా, మూతి తుడుస్తున్నా."

తుడిచాడు. ఎంత చెప్పి తాకినా కొంచెం బిగుసుకునే ఆ భుజాలు ఈసారి బిగుసుకోలేదు. గుడ్డ మడిచి పక్కన పెట్టి, ముక్కు దగ్గర వేలుంచి చూశాడు. తర్వాత చెప్పాడు.

"బావా, కళ్ళు మూస్తున్నా."

డాక్టరు వచ్చి చూసి తల ఊపి వెళ్ళాడు. బావను మంచంమీదికి చేర్చారు. అది అక్క వచ్చే రోజే. నర్సు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అంది.

"శాంతంగారూ, ఆవిడకు నేను చెప్తాలెండి. మీరు లాండ్రీలోకి వెళ్ళిపోండి."

"వద్దమ్మా. ఉంటాను," అన్నాడు. ఏప్రన్ విప్పి మంచం పక్క స్టూలుమీద కూర్చున్నాడు.

అక్క గుమ్మంలో ఆగింది. బాగా లావైంది, ఒక పక్కకు ఒరిగి నడుస్తోంది. స్టూలుమీద తమ్ముణ్ణి చూసింది. చూడగానే ఆమెకు తెలిసిపోయింది.

"ఎప్పుడు?"

"అన్నం తిన్నాక. కుర్చీలోనే."

ఆమె మంచం అంచున కూర్చుంది. మొగుడి చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని అడిగింది.

"ఏమన్నా అన్నారా?"

నీ పేరు తలుచుకున్నాడని చెప్పొచ్చు. సులువుగా అయిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అతను పక్కటెముకల సంగతీ, కుర్రాడి సంగతీ చెప్పాడు. ఇంటికి పొమ్మన్న మాటతో సహా చెప్పాడు. చెబుతున్నంతసేపూ అక్క మొగుడి అరచేతిని బోర్లా తిప్పి, వెల్లకిలా తిప్పి చూస్తూ ఉంది.

"ఎవడా పిల్లాడు?"

"తెలీదక్కా. అవతలివాళ్ళలో ఎవరో."

"రోజూ అడిగేవారా?"

"రోజూ."

"నువ్వేమనేవాడివి?"

"తగ్గిందనే."

"నన్నొక్కసారన్నా ఏదీ అడగలేదురా," అంది అక్క. కళ్ళు తుడుచుకోలేదు.

ఏం చెయ్యాలో తెలియని ఆమె చెయ్యి, అలవాటుకొద్దీ, సంచిలోకి పోయి నారింజపండు బయటికి తీసింది. తీసినాక, దాన్ని ఎవరికోసం తెచ్చిందో గుర్తొచ్చినట్టు, ఒడిలో పెట్టుకుని ఉండిపోయింది. ఆపైన గోటితో తొక్క గిల్లింది. పుల్లటి వాసన మంచాల మధ్య పాకింది. పండును రెండుగా విడదీసి ఒక సగం తమ్ముడి ముందు పెట్టింది.

"తిను. పొద్దుట్నుంచీ నిలబడే ఉండుంటావు."

అతను తిన్నాడు. తొనలు నమలడం కూడా బరువైన పనిలా ఉంది.

స్ట్రెచర్ వచ్చింది. "బావా, ఎత్తుతున్నాం," అన్నాడతను, మిగతావాళ్ళు వింతగా చూస్తున్నా. అక్క లేచి, చేతిలోది కిటికీ గట్టున పెట్టి, స్ట్రెచర్ అంచు ఒకటి తనూ పట్టుకుంది. చక్రాలు వరండా పొడుగునా కీచుమంటూ దూరమయ్యాయి. కిటికీ గట్టుమీద సగం నారింజ, తెల్లటి పీచుతో, తొన విడవకుండా అలాగే ఉంది.