గాలిపిల్ల పుస్తకానికి సంతకాలు

సోమవారం షిఫ్టు మొదలైన పది నిమిషాలకు ఫోర్‌మన్ రాండల్ ఎముకలు తీసే లైను దగ్గరికి వచ్చి ట్రెస్సీ చేతిలోని కత్తెర తీసుకున్నాడు.

"ఇవాళ్టి నుంచి నువ్వు చీకటి గదిలో," అన్నాడు.

ట్రెస్సీ తొమ్మిదేళ్ళుగా అదే చోట నిలబడి కోడి రొమ్ము నుంచి ఎముక వేరు చేస్తోంది. ఆమెకు ఆస్తమా. చీకటి గదంటే బతికున్న కోళ్ళను కాళ్ళు పట్టి తలకిందులుగా కొక్కేలకు తగిలించే గది. కోళ్ళు బెదరకుండా అక్కడ ఒక్క నీలం బల్బు మాత్రం వెలిగిస్తారు. గాలినిండా ఈకలు, రెట్ట దుమ్ము. కండపుష్టి ఉన్న మగవాళ్ళే ఆర్నెల్లు తిరక్కుండా పారిపోతారు.

"నాకు ఊపిరాడదని నీకు తెలుసు గదయ్యా," అంది ట్రెస్సీ. జేబులోంచి మందు పీల్చే గొట్టం తీసి చూపించింది.

"పైనుంచి చెప్పారు. నాతో వాదనెందుకు?"

పక్కన నిలబడ్డ నాడీన్ ఓడమ్ చేతిలో కత్తి ఆగింది. లైను మాత్రం ఆగలేదు. మూడు కోళ్ళు ఎముకలతోనే ఆమె ముందు నుంచి జరిగిపోయాయి. నలభై మంది చూస్తుండగా ట్రెస్సీ ఆప్రాన్ సర్దుకుని రాండల్ వెనక నడిచింది.

మధ్యాహ్నానికి ఇంకో ఇద్దరు ఆడవాళ్ళను అలాగే పంపారు. కారణం భోజనాల గదిలో డివిట్ చెప్పాడు. అతనికి అరవై దగ్గర పడింది, ఎవరినీ లెక్కచేయడు.

"ముగ్గురూ శుక్రవారం బడికి చీటీ పంపినోళ్ళే. చూస్కోండి. నాకు పిల్లల్లేరు గనక ఇంకా ఇక్కడ కూచుని బిస్కట్ తింటన్నా."

నాడీన్ సంచిలోనూ అలాంటి చీటీ ఒకటుంది. ఇంకా సంతకం పెట్టలేదు. ఆమె సంచిని కాళ్ళ మధ్యకు లాక్కుంది.

చీటీ కథ చలికాలంలో మొదలైంది. గాలితో మాట్లాడే ఒక పిల్ల గురించి ఏడు పుస్తకాలున్నాయి. ఆ ఏడాది అవి సినిమాగా వచ్చాయి. మిసిసిపీలో హార్లిన్ లాంటి కోళ్ళ ఫ్యాక్టరీ ఊరి పిల్లలు కూడా పక్క ఊరి థియేటర్‌కు వెళ్ళి చూసొచ్చారు. తర్వాతి ఆదివారం ఊరి చర్చిలో పాస్టరు బ్రదర్ లైల్ ప్రసంగమంతా దాని మీదే సాగింది. పుస్తకంలో ఆ పిల్ల చనిపోయిన అన్న గొంతు గాలిలో వింటుంది. చచ్చినవాళ్ళతో మాట్లాడడం దేవుడికి అసహ్యమని లేఖనం చెబుతోందని, బైబిలు కాలంలో ఎఫెసు పట్టణపు విశ్వాసులు మంత్రాల పుస్తకాలను నడివీధిలో తగలబెట్టారని ఆయన గుర్తు చేశాడు. ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో ఇనప డ్రమ్ము పెట్టారు. పిల్లలు వరసగా వచ్చి పుస్తకాలు వేశారు. కొందరు నవ్వుతూ వేశారు. ఒక పాప మాత్రం వేశాక డ్రమ్ములోకి తొంగి చూస్తూ ఉండిపోయింది. వాళ్ళమ్మ వచ్చి లాక్కుపోయింది.

ఆ చర్చి సంఘపెద్దల్లో, అంటే డీకన్లలో, ముఖ్యుడు వార్డ్‌లా. ఫ్యాక్టరీ ఆయనదే. బడి కమిటీకి అధ్యక్షుడూ ఆయనే. కమిటీ ఏడు పుస్తకాలనూ బడి లైబ్రరీలో బల్ల వెనక్కి పెట్టించింది. తల్లో తండ్రో సంతకం పెట్టిన చీటీ తెచ్చిన పిల్లలకే ఇవ్వాలంది. ఇందులో బలవంతం ఏముంది, ఎవరిష్టం వాళ్ళదేగా అన్నారు అందరూ. నాడీన్ కూడా అలాగే అనుకుంది.

ఆమె కూతురు జూనీకి పన్నెండేళ్ళు. తండ్రి డేల్ రెండేళ్ళ క్రితం అదే ఫ్యాక్టరీలో అమ్మోనియా గొట్టం పగిలిన ప్రమాదంలో చనిపోయాడు. ఆనాటి నుంచి జూనీ ఇంట్లో రోజుకు పదిమాటలకు మించి మాట్లాడడం లేదు. సినిమా చూసొచ్చిన సాయంత్రం మాత్రం వంటింటి గడప మీద కూర్చుని కథంతా చెప్పింది. మొక్కజొన్న రొట్టె అడుగంటిపోయినా నాడీన్ కదల్లేదు. కదిలితే ఎక్కడ ఆపేస్తుందోనని.

మంగళవారం బ్రదర్ లైల్ ఫ్యాక్టరీకి వచ్చాడు. కార్మికుల మంచిచెడ్డలు చూడడానికి వార్డ్‌లా జీతమిచ్చి పెట్టుకున్న పాస్టరు ఆయనే. డేల్ పోయిన రోజు ఆస్పత్రి వరండాలో నాడీన్ చెయ్యి పట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నదీ ఆయనే. ఆ సంగతి ఆమె ఏనాడూ మరచిపోలేదు.

"జూనీ గురించి దిగులుగా ఉంది సిస్టర్," అన్నాడు, చేతులు కడుక్కునే తొట్టి దగ్గర.

"ఏమైంది బ్రదర్?"

"ఆ పుస్తకం అడిగిందట."

"ఎవరు చెప్పారు మీకు?"

"చిన్న ఊరు గదమ్మా. తెలుస్తూనే ఉంటాయి." ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. "డేల్ ప్రభువు దగ్గర ఉన్నాడు. పిల్లకు ఆ మాట చాలాలి. గాలిలో గొంతులు వెతుక్కుంటే ఆ దారిన ఏది లోపలికి వస్తుందో మనకు తెలీదు."

నాడీన్ సబ్బు నురగ కడుక్కుంది. నీళ్ళు చల్లగా ఉన్నాయి.

"ట్రెస్సీని అక్కడ ఎందుకు వేశారు బ్రదర్?"

"పని సంగతులు నాకేం తెలుసు సిస్టర్," అన్నాడాయన. ఆమె కళ్ళలోకి చూడలేదు.

బుధవారం పదకొండింటికి చీకటి గదిలో ట్రెస్సీ పడిపోయింది. కొక్కేల గొలుసు ఆగడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆపాలంటే రాండల్ అనుమతి కావాలి, రాండల్ ఆఫీసులో ఉన్నాడు. ఆ నాలుగు నిమిషాలూ పక్కవాళ్ళు ఒక చేత్తో కోళ్ళను తగిలిస్తూనే ఇంకో చేత్తో ఆమెను గోడ వైపు జరిపారు. మందు గొట్టం నిండా దుమ్ము. అంబులెన్సు వచ్చేసరికి పెదాలు నీలమయ్యాయో, బల్బు వెలుతురు అలా ఉందో ఎవరికీ అర్థం కాలేదు. బయటికి తెచ్చాక అర్థమైంది.

గురువారం షిఫ్టు దిగాక డివిట్ ట్రక్కు వెనక చేరారు ఇరవై మంది దాకా. ఉడకబెట్టిన వేరుశెనగల పొట్లం ఒకటి చేతులు మారుతోంది. ఎవరూ తినడం లేదు.

"మీరు ఎగిరినా దూకినా ఏమీ కాదు," అన్నాడు రెఫ్రిజిరేషన్ పని చేసే ఒకతను. "ఓ పుస్తకం కోసం ఉద్యోగాలు పోగొట్టుకుంటారా? చదవకపోతే ఏం కొంప మునిగింది?"

"ట్రెస్సీ కొంప మునిగింది," అంది ఒక ఆడమనిషి.

"దానికి ఆస్తమా."

"ఆస్తమా తొమ్మిదేళ్ళ నించి ఉంది. చావు మాత్రం చీటీ ఇచ్చిన ఐదో రోజుకొచ్చింది. నీ లెక్కలో ఇది కలవదా?" అంది ఆమే.

ఏమంటుందోనని అందరూ ఎర్నెస్టీన్ వైపు చూశారు. ఎర్నెస్టీన్ బాయ్‌కిన్ ముప్పై ఏళ్ళుగా ఆ లైనులో ఉన్న నల్లజాతి పెద్దావిడ. వారానికి నాలుగు రోజులు చర్చిలో ఉంటుంది. సినిమా వచ్చినప్పుడు అందరికన్నా ముందు తప్పుపట్టింది ఆవిడే.

"నన్ను చూస్తారేంటి?" అంది. "ఆ పుస్తకం నా గడప తొక్కదు. చచ్చినోళ్ళతో మాటలు నాకొద్దు. నా దేవుడు నాకు చాలు."

"అయితే మీరు వాళ్ళ వైపే గదా మిస్ ఎర్నెస్టీన్," అన్నాడు రెఫ్రిజిరేషన్ అతను.

"నోర్ముయ్యరా. నేను ముగించలా." ఆవిడ జుట్టు మీది వల తీసి మడతపెట్టింది. "అరవైల్లో, నల్లోళ్ళని ఓటెయ్యనివ్వని రోజుల్లో, మా నాయన ఓటు కోసం దరఖాస్తు పెట్టాడు. పెట్టినోళ్ళ పేర్లు రెండు వారాలు పేపర్లో వేసేవాళ్ళు, అప్పటి చట్టం అది. ఊరంతా చదువుతుంది గదా. రెండో వారం తిరక్కుండా రంపపు మిల్లు వాళ్ళు నాయన్ని తీసేశారు, అద్దె ఇంటాయన ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. అప్పుడూ ఎవడూ బలవంతం చెయ్యలేదు. పేరు రాయించుకున్నారంతే. మీకు ఆ చీటీ కొత్త. నాకు కాదు."

రోడ్డుకు అవతల షెరీఫ్ కారు ఆగి ఉంది. అది ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు.

"మరి ఏం చేద్దామంటారు?" అని అడిగింది నాడీన్. ఆ గుంపులో ఆమె మాట్లాడడం అదే మొదలు.

"ముగ్గురు పెడితే ముగ్గుర్ని గదిలో వేశారు. అందరం పెడితే ఎవర్ని వేస్తారో చూద్దాం," అంది ఎర్నెస్టీన్.

రబ్బరు బూట్లతోనే వెళ్ళారు బడికి. లైబ్రేరియన్ మిస్ ఆగ్నెస్ తలుపు వేయబోతూ వాళ్ళను చూసి ఆగిపోయింది. ముప్పై ఏళ్ళుగా ఆ ఊరి పిల్లలకు పుస్తకాలిచ్చిన మనిషి. చీటీలు కావాలని అడగ్గానే కుర్చీలో కూలబడింది.

"నేనే ఇచ్చాను," అంది. "శుక్రవారం సాయంత్రం వార్డ్‌లాగారు ఫైలు అడిగారు. ఎంతమంది పెట్టారో చూస్తానన్నారు. డీకన్ అడిగితే కాదనడం ఎలా అనుకున్నాను. సోమవారం పొద్దున ఆయనే తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళారు."

"మీకు తట్టలేదా?" అన్నాడు డివిట్. గొంతులో ఎప్పటి వెటకారం లేదు.

"ఒకే బెంచీ మీద కూర్చుని ప్రార్థన చేసేవాళ్ళం. తట్టలేదు." ఆమె సొరుగు తెరిచి చీటీల కట్ట మొత్తం బయట పెట్టింది. "ఈసారి ఫైలు నా ఇంట్లో ఉంటుంది."

"వద్దు," అంది ఎర్నెస్టీన్. "ఇక్కడే ఉంచండి. గోడకు అంటించండి. ఈసారి మేమే వేస్తున్నాం పేర్లు."

ఆవిడ మొదటి చీటీ తీసుకుని మనవరాలి పేరు రాసి సంతకం పెట్టింది. కింద ఇంకో వాక్యం నిదానంగా రాసింది: 'ఈ పుస్తకం నా మనవరాలు చదవదు. వద్దని చెప్పవలసింది నేను.'

డివిట్ చీటీ పట్టుకుని తల గోక్కున్నాడు. "నాకు పిల్లల్లేరే. లూయిజియానాలో మేనకోడలుంది, దానికి నలభై ఏళ్ళు."

"రాయి," అంది మిస్ ఆగ్నెస్. "చదువుకోవడానికి వయసేమిటి."

నాడీన్ సంచిలోని చీటీ నలిగిపోయి ఉంది. బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేసింది. ఇంటి అద్దె, జూనీ బడి, రేపటి పొద్దు అన్నీ ఆ ఒక్క ఉద్యోగం మీదే నిలబడి ఉన్నాయి. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కలం తీసుకుని పేరంతా రాసింది, డేల్ నుంచి వచ్చిన ఇంటిపేరుతో సహా.

పుస్తకం ఇంటికి తెస్తే జూనీ ముట్టుకోలేదు.

"నిన్ను కూడా ఆ గదిలో వేస్తారా అమ్మా?"

"వేయొచ్చు."

"అయితే ఇచ్చేస్తా. నాకొద్దు."

"ఇవ్వకు," అంది నాడీన్. "ఇక్కడ కూర్చుని పైకి చదువు. నేను గిన్నెలు కడుక్కుంటూ వింటా."

చాలాసేపటికి కాగితం తిప్పిన చప్పుడైంది. మొదట్లో జూనీ గొంతు నీళ్ళ చప్పుడులో కలిసిపోయింది. నాడీన్ కుళాయి కట్టేసింది.

శనివారం ట్రెస్సీని పూడ్చారు. బ్రదర్ లైల్ చేసిన ప్రార్థనకు ఆమెన్ అన్నవాళ్ళు తక్కువ. ఆ సాయంత్రానికి లైబ్రరీ గోడ మీద చీటీలు డెబ్భై ఒకటయ్యాయి.

సోమవారం రాండల్ ఒక పెట్టె మీద ఎక్కి కాగితం చదివాడు. ఎర్నెస్టీన్, నాడీన్, డివిట్, ఇంకో నలుగురు. "చీకటి గదికి," అన్నాడు. చెమట తుడుచుకున్నాడు.

ఏడుగురూ కత్తులు కింద పెట్టి నడిచారు. వెనక నుంచి ఇంకో కత్తి బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ఇంకోటి. నాడీన్ వెనక్కి తిరగలేదు. బూట్ల చప్పుడు మాత్రం పెరుగుతూ వచ్చింది. చీకటి గది గుమ్మం పట్టనంతమంది అయ్యారు. చీటీ మీద సంతకం పెట్టనివాళ్ళు కూడా ఉన్నారు. రెఫ్రిజిరేషన్ అతను ఉన్నాడు.

నీలం వెలుతురులో అందరి ముఖాలూ ఒకే రంగులో ఉన్నాయి. బెల్టు మీద కోళ్ళు వచ్చిపడుతున్నాయి. ఎవరూ చెయ్యి చాపలేదు. కొక్కేలు ఖాళీగా ఊగుతూ గోడ రంధ్రంలోంచి అవతలికి పోయాయి. పది, ఇరవై, నూరు. చివరికి ఎవరో గొలుసు ఆపారు. ఆ గదిలో అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు.

వార్డ్‌లా గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయాడు. బ్రదర్ లైల్ లోపలికి వచ్చాడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"సిస్టర్ ఎర్నెస్టీన్, మీరు పుస్తకం విషయంలో నాతో ఏకీభవించారు గదా. ప్రార్థన చేద్దాం రండి."

"ఇప్పటికీ ఏకీభవిస్తాను బ్రదర్. ప్రార్థన మేం చేసుకుంటాం. ఆ రుమాలు తియ్యండి. ట్రెస్సీకి రుమాలు లేదు."

ఆయన తియ్యలేదు. తియ్యాలని మాత్రం చెయ్యి కదిలింది. నాడీన్ అది చూసింది. ఆ ఆస్పత్రి వరండా గుర్తొచ్చింది.

బయట లారీల్లో కోళ్ళు ఎండకు చస్తున్నాయి. మధ్యాహ్నం రెండున్నరకు షెరీఫ్ కింద పనిచేసే పోలీసులు, డిప్యూటీలు వచ్చారు. ఫ్యాక్టరీ మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేసింది, కాబట్టి ఇది అక్రమ ప్రవేశం అని కాగితం చదివారు. ఎర్నెస్టీన్ చేతులకు బేడీలు వేశారు. డిప్యూటీల్లో ఒకడు నాడీన్‌ను గుర్తుపట్టాడు. డేల్‌తో కలిసి చేపల వేటకు వెళ్ళేవాడు.

"నీకు పిల్ల ఉంది గదా నాడీన్. పక్క తలుపు తీసే ఉంది. పో."

"పిల్ల ఉంది కాబట్టే," అంది నాడీన్. అతను తన బెల్టులోంచి బేడీలు బయటికి తీయడానికి చాలాసేపు తడుముకున్నాడు.

బయటికి నడిపించేసరికి ఎండ కళ్ళలో కొట్టింది. గేటు దగ్గర రెండో షిఫ్టు వాళ్ళు వచ్చి ఆగి ఉన్నారు. రెండు వందల మంది. గంట మోగింది, ఎవరూ లోపలికి కదల్లేదు. ముందు వరసలో ఉన్న ముసలామె, నాడీన్‌కు పేరు కూడా తెలియని మనిషి, డిప్యూటీని దాటి దగ్గరికి వచ్చింది.

"ఆ చీటీలు ఎక్కడ ఇస్తున్నారమ్మా?" అని అడిగింది.