బోట్ల మీద రాసిన వయసులు

కార్డు చూపిస్తే కొడుకుని వదిలేస్తారనుకుంది గంగాలమ్మ.

ఏప్రిల్లో, చేపల వేట నిషేధం మొదలైన నాలుగో రోజు పొద్దున, విశాఖ చేపల రేవులో ఎండుచేపలు ఆరబెట్టే జాగా చుట్టూ కాంట్రాక్టరు మనుషులు ఇనపకంచె పాతారు. షికారు పడవలకి జెట్టీ కడతారట. అత్తల నాటి నుంచి ఆడవాళ్లు నెత్తళ్లూ కవళ్లూ లాంటి చేపలు పరిచిన ఇసక అది. బుట్టలతో వచ్చినవాళ్లు అడ్డం నిలబడితే మేస్త్రీ కర్రతో తోశాడు. ఒక ముసలామె బోర్లా పడింది. పక్కనే బోట్లకి నాచు గీకుతున్న కుర్రాళ్లు ఐదుగురు వచ్చి, కంచె స్తంభాలు పీకి నీళ్లలో పారేశారు. పావుగంటలో పోలీసు వ్యాను దిగింది.

ఆ ఐదుగురిలో ఎల్లాజీ గంగాలమ్మ కొడుకు. ఆమె ఇంటికి పరుగెత్తి, బియ్యం డబ్బాలో దాచిన వేట కార్డు తెచ్చి యస్సై చేతిలో పెట్టింది.

"సూడండి బాబూ, గవర్నమెంటు కార్డు. మావోడు పోకిరోడు కాదు. బోటు మీద పని సేసుకునీవోడు."

యస్సై కార్డు తిప్పి చూశాడు. "పద్దెనిమిది నిండాయి. మేజరే," అని రాసుకున్నాడు.

గంగాలమ్మని చూసి మిగతా నలుగురు తల్లులూ పరుగెత్తారు. వాళ్లూ కార్డులు తెచ్చారు. ఐదుగురూ మేజర్లయ్యారు. ఐదుగురూ పెద్దవాళ్ల జైలుకి పోయారు.

ఎల్లాజీకి పదహారు కూడా నిండలేదు.

రేవులో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. పద్దెనిమిది దాటితే గాని వేట కార్డు ఇవ్వరు. కార్డు లేనివాణ్ణి బోటు నడిపే సరంగు ఎక్కనివ్వడు. తండ్రి సముద్రంలో పోయిన ఇంట్లో పద్దెనిమిది వచ్చేదాకా పొయ్యి ఆగదు కదా. అందుకని తల్లి కంప్యూటరు షాపుకి వెళ్లి వేలిముద్ర వేస్తుంది, షాపువాడు మూడేళ్లు కలుపుతాడు. అడ్డం చెప్పడానికి పుట్టిన కాగితాలు ఎవరికున్నాయి? ఉన్న ఒకటీ అరా హుద్‌హుద్ తుపానుకి తడిసి ముద్దయ్యాయి, బడిలో పంతులు వేసింది ఉజ్జాయింపు వయసే. వయసుకి మూడేళ్లు కలపడం ఇక్కడ ఎవరి లెక్కలోనూ అబద్ధం కాదు. వలకి గుండ్లు కట్టడం లాంటి పని.

మే నెలలో ములాఖాత్ దొరికింది. జల్లెడ లాంటి కంచెకి అవతల ఎల్లాజీ నిలబడ్డాడు. చొక్కా వదులైపోయింది. చుట్టూ గడ్డాలూ మీసాలూ ఉన్న మగాళ్లు.

"తింతన్నావేటి?" అంది.

"తింతన్నాను. అమ్మా, అయూబ్ మావకి ఓ మాటట్టుకెల్లాల. గుర్తెట్టుకుంతావా?"

రేవులో బోటు పేరు కింద ఒక కవిత్వపు ముక్క రాయించడం అలవాటు. రాసే చెయ్యి పాతబస్తీ పెయింటర్ అయూబ్‌ది. రెండేళ్లుగా ఆ ముక్కలు కట్టే నోరు ఎల్లాజీది. చదువు మూడో తరగతిలో ఆగినా వాడికి మాట కుదిరేది.

వాడు చెప్పాడు. ఆమె తిరిగి చెప్పింది. మూడోసారి తప్పు లేకుండా వచ్చేసరికి టైమయిపోయిందని గంట కొట్టారు. సిటీ బస్సులో కండక్టరు ఎక్కడికని అడిగితే సముద్రం వైపు చెయ్యి చూపించింది. నోరు విప్పితే మాట జారిపోతుందేమోనని భయం.

అయూబ్ ఒడ్డుకి ఎక్కించిన బోటు కింద కూర్చుని నంబరు దిద్దుతున్నాడు. ఆమె నిలబడే చెప్పింది. అతను సుద్దముక్క తీసుకుని బోటు చెక్కల మీదే రాసుకున్నాడు.

*ఇక్కడ అల సప్పుడు లేదు, తాలాల సప్పుడు.*
*పెద్దోల్ల మజ్జిన పడుకుంతన్నాను,*
*నా కాల్లు ఆల్ల మోకాల్లకి అందవు.*
*ఒక్క పొద్దున్న పెద్దోడినైపోనాను.*
*పెంచింది సముద్రం కాదు. కాయితం.*

అయూబ్ రాసుకున్నది మళ్లీ ఒకసారి చదువుకున్నాడు. బ్రష్షు నూనెలో ముంచి పక్కన పెట్టాడు.

"ఆ ఆకరి లైనొగ్గీ తమ్ముడా," అంది గంగాలమ్మ. "ఆ కాయితం తెచ్చింది నానే. ఆడు నన్నంతన్నాడు."

"ఆడు నిన్ననలేదప్పా. ఆ లైను తీసేత్తే మిగిలింది ఉత్తి ఏడుపు. ఏడుపు రాయడానికి నాకెందుకీ బ్రష్షు?"

ఆమెకి కోపం వచ్చింది. విసురుగా వెళ్లిపోయింది. నాలుగడుగులు వేసి తిరిగొచ్చింది.

"మరేటి సెయ్యాల?"

"లాయరమ్మాయినడుగు."

లాయరమ్మాయంటే శ్రీసత్య. ఆనందపురం దగ్గర రైతు కుటుంబం. లా చదువు ముగించి ఏడాది కాలేదు. రెండుసార్లు బెయిలు పిటిషను వేసింది, రెండుసార్లూ కొట్టేశారు. ఆదివారం ఐసు ఫ్యాక్టరీ వెనక మీటింగులో ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది.

"పిల్లలని తేలితే కేసు పిల్లల కోర్టుకెళ్తుంది, జైల్లో ఉంచకూడదు. వయసు తేల్చే ఎముకల పరీక్షకి అడిగాను. కార్డుండగా పరీక్షెందుకన్నారు. ఆ కార్డు తప్పని ఎవరో ఒకరు ఒప్పుకోవాలి పిన్నీ. చేయించినవాళ్లే ఒప్పుకోవాలి."

"నానొప్పుకుంతాను," అంది గంగాలమ్మ.

మీటింగు రెండుగా చీలిపోయింది.

"నువ్వొప్పుకుంతావు, బాగుంది," అన్నాడు దాలయ్య. నలభై ఏళ్లు బోటు నడిపిన సరంగు. "రేపు ఆపీసరొచ్చి రేవులో కార్డులన్నీ తిరగేత్తాడు. నా మనవడూ అలాటి కార్డు మీదే బోటెక్కుతన్నాడు. ఐదుగురి కోసం వందమంది కూడు తీసెత్తావేటి?"

"నీ మనవడు కంచె పీకడానికి రానేదుగా మావా. అందుకే కూడు గురించి మాటాడతన్నావు," అంది వెనక నుంచి ఎవరో.

"ఎవులది? ముందుకొచ్చి అను."

"ముందుకొచ్చే అంతన్నాను." వచ్చింది పుష్ప. ఆమె కొడుకూ లోపలే ఉన్నాడు. "కంచె పీకింది నీ కూతురు సేపలారెట్టుకునే జాగాలో కాదేటి? ఆ ముసిల్ది నీ తోడబుట్టిన అప్ప కాదేటి?"

దాలయ్య తువ్వాలు దులుపుకున్నాడు.

బోట్ల ఓనరు సన్యాసిరాజు మెత్తగా అందుకున్నాడు. "గొడవెందుకు? పెద్దోల్లతో నాను మాటాడతాను. ఓ ఆర్నెల్లు ఓపిక పడితే సల్లబడిపోద్ది."

"ఆర్నెల్లు మీ అబ్బాయిని పంపండి బాబూ, మావోడి పక్కనే పడుకుంతాడు," అంది గంగాలమ్మ. నవ్వు రేగింది. సన్యాసిరాజు నవ్వలేదు.

ఆ నవ్వు తగ్గకముందే ఆమె మధ్యలోకి వచ్చింది. మీటింగుల్లో మాట్లాడి ఎరగదు. చేపలు అమ్మే గొంతుతోనే చెప్పింది.

"లైలా తుపానొచ్చిన్నాడు పుట్టినాడు నా కొడుకు. ఆటోలు తిరగనేదు. ఈ పుష్పే బొడ్డు కోసింది. హుద్‌హుద్ నాటికి పాలపల్లు ఊడనేదు. ఇదీ ఆడి వయసు. కార్డు మీదున్నది నా బయం. నా బయం ఆడు మోత్తన్నాడు. నానింక మొయ్యనివ్వను."

అప్పుడు పుష్ప అంది, "మావోడు జల్ తుపానుకి నెల్లాల్ల గుంటడు. సంకనేసుకుని బడిలో తలదాసుకున్నాను."

ఇంకో తల్లి లేచింది. తరవాత ఇంకొకరు. జైల్లో ఉన్నవాళ్ల తల్లులే కాదు, బోట్ల మీదున్న పిల్లల తల్లులూ లేవడం మొదలెట్టారు. తుఫాన్లు, చావులు, వంజరం చేపలు విరగపడ్డ ఏళ్లు, ఏ బోటు ఎప్పుడు మునిగిందో. కాగితంలో లేని వయసులన్నీ ఐసు ఫ్యాక్టరీ వెనక గట్టిగా బయటికొచ్చాయి. శ్రీసత్య రాస్తూనే ఉంది. అయూబ్ కళ్లజోడు తుడుచుకుని, "ఇవి నీ పుస్తకంలో ఉంటే ఎవులు సదువుతారమ్మా? బోట్ల మీద రాద్దాం," అన్నాడు.

"బోట్లు నావి," అన్నాడు సన్యాసిరాజు. "పేరూ నంబరూ తప్ప ఇంకో అచ్చరం పడితే ఒప్పుకోను. ఆపీసోల్లు వేటకి ఒదల్రు."

అందరూ దాలయ్య వైపు చూశారు. అతను తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"బోట్లు నీయే బావా. సుక్కాని పట్టుకుని నువ్వే ఎల్లు. సరంగులం మేం రాం."

"మనవడి కార్డో?" అన్నాడు సన్యాసిరాజు.

"పోతే పోనీ. ఆడికి పదేడే." చెప్పేశాక అతని భుజాలు దిగాయి. "అయూబూ, ముందు నాను నడిపే బోటు మీద రాయి."

ఇరవై రోజులు రేవంతా రంగు వాసన. నిషేధం రోజుల్లో బోట్లకి రంగులు వెయ్యడం ఏటా ఉన్నదే కాబట్టి మొదట ఎవరికీ అనుమానం రాలేదు. పాతబస్తీ నుంచి అయూబ్ చుట్టాలు వచ్చారు, కాలేజీ పిల్లలు వచ్చారు. ఎల్లాజీ అయిదు లైన్లూ దాలయ్య బోటుకి ఒక పక్క, తల్లి మాట ఇంకో పక్క. జూన్ మొదట్లో సన్యాసిరాజు మనుషులు వచ్చి తెల్లసున్నం కొట్టించారు. మర్నాడు మళ్లీ రాశారు. మళ్లీ కొట్టించారు. ఈసారి సున్నం కొట్టడానికి పిలిచిన కూలీలు అక్షరాలు చదువుకుని, బ్రష్షులు పక్కన పెట్టి వెళ్లిపోయారు.

నిషేధం ముగిసిన రోజు పొద్దున, రాతలున్న బోటు ఏదీ కదలకూడదని ఆఫీసరు చెప్పాడు. దాలయ్య ఇంజను స్టార్ట్ చేశాడు. వెనక ముప్పయి ఎనిమిది ఇంజన్లు అందుకున్నాయి. వేటకి పోలేదు. ఐసు ఎక్కించుకోలేదు. వల ముట్టుకోలేదు. రేవు దాటి, తీరం వెంబడే, నడకకి వచ్చిన జనానికి అక్షరం కనబడేంత దగ్గరగా, రుషికొండ వైపు వరసగా సాగాయి. ఒడ్డున జనం ఫోన్లు తీశారు. ఒకాయన కూతురికి గట్టిగా చదివి వినిపించాడు: "నా కొడుకు లైలా నాడు పుట్టినాడు. పదారేళ్లు. జైల్లో ఉన్నాడు."

మధ్యాహ్నానికి పోలీసులు రేవుకి వచ్చారు. బోట్లు ఇంకా నీళ్లలోనే ఉన్నాయి. దొరికింది రేవు గట్టు మీద కూర్చున్న గంగాలమ్మ. స్టేషనుకి పట్టుకెళ్లారు. ఆడవాళ్లు వెనకే నడిచారు.

యస్సై కాగితం ముందుకి లాక్కున్నాడు. "మోసం చేసి కార్డు తీశావని నువ్వే బోట్ల మీద రాయించి చాటింపేశావు. కేసు పెడతన్నాను. లోపలుంటే తెలుస్తుంది."

"ఎట్టండి బాబూ."

రాయడం మొదలెట్టాడు. గంగాలమ్మ అను ఈమె తన కుమారుడు ఎల్లాజీ వయసును మూడేళ్లు ఎక్కువ చేసి, తప్పుడు...

"అక్కడ బాగా స్పష్టంగా రాయండి సార్," అంది శ్రీసత్య, తలుపు దగ్గర నుంచి. "కార్డు మీద వయసు తప్పని. కింద మీ సంతకం. ఆ కాపీ నాకు కావాలి."

పెన్ను ఆగింది. యస్సై తాను రాసిన ముక్కని మొదటి నుంచి చదువుకున్నాడు. ఈ తల్లిది నేరమని రాస్తే ఆ పిల్లవాడు పిల్లవాడని రాసినట్టే. రాయకపోతే ఈమెని లోపల ఉంచేది దేనికింద?

"పో, ఇంటికి పో," అన్నాడు.

గంగాలమ్మ కుర్చీలోంచి లేవలేదు. "మొదలెట్టినారు కదా, పూర్తి సెయ్యండి."

పుష్ప లోపలికొచ్చింది. "నాను కూడా మూడేల్లు కలిపినాను. నా పేరూ రాయండి." ఆమె వెనక ఇంకొకామె. వెనక ఇంకొకామె. స్టేషను వరండా నిండి, మెట్లు నిండి, రోడ్డు మీద వరస సాగింది. నెత్తిమీది బుట్టలు దించుకుని, చంటిపిల్లల్ని ఒళ్లో వేసుకుని, వాళ్లంతా నేరస్తులమని రాయించుకోవడానికి కూర్చున్నారు.

"ఎంతమంది?" అన్నాడు యస్సై కానిస్టేబుల్‌తో.

"ఇంకా వస్తన్నారండి."

గంగాలమ్మ బల్ల మీద పక్కకి పోయిన పెన్ను తీసి, మూత విప్పి, అతని ముందు పెట్టింది.