చెవిన పడని కబురు

అంతయ్య మగ్గం గుంటలో కాళ్లు జారవిడిచి తెల్లవారినప్పటి నుంచి ఆపకుండా నేస్తూనే ఉన్నాడు. యాత్రకు పోయే రోజున ఎవరూ మగ్గం మీద కూర్చోరు. తలంటుకొని, బొట్టు పెట్టుకొని, వచ్చిపోయేవాళ్లతో మాట్లాడుతూ అరుగు మీద కూర్చుంటారు. అంతయ్య తలంటుకున్నాడు, బొట్టు పెట్టుకున్నాడు, వచ్చి గుంటలో కూర్చున్నాడు. తాడు లాగితే నాడె ఈ కొస నుంచి ఆ కొసకు టక్కున పోయి కొట్టుకునేది. ఆ చప్పుడు ఆగితే పక్కింటి చప్పుడు వినబడుతుంది. అది వినబడకూడదు.

పక్కింట్లో అతని అన్న రాయమల్లు చావుబతుకుల్లో ఉన్నాడు.

సాయంత్రం బస్సు. మెట్‌పల్లి నుంచి నిజామాబాదు, అక్కడి నుంచి రైలు, రైలు దిగాక మోటారు, మోటారు ఆగిన చోటి నుంచి బదరీ నారాయణుని దాకా కాలినడక. ధర్మపురి పంతులు ఒక జట్టును వెంట తీసుకుపోతున్నాడు. ఈ వయసులో తనకు ఇదే ఆఖరి కొండ అని ఆయన ముందే చెప్పాడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. సొంత అన్న పోతే ఏడాది తిరిగేదాకా తీర్థం మాటే ఎత్తరాదు. అయితే మైల అన్నది కబురు చెవిన పడ్డప్పటి నుంచే మొదలవుతుంది. దారిలో ఉన్నవాడికి తెలియకపోతే దోషం లేదు.

ఆ చివరి మాటను అంతయ్య గట్టిగా పట్టుకున్నాడు.

అతను అరవైకి దగ్గర పడ్డ మనిషి. చిన్ననాటి నుంచి గుంటలో కూర్చోవడం వల్ల వీపు ముందుకు ఒంగిపోయి, నిలబడినా కూర్చున్నట్టే కనిపించేవాడు. తాడు రాపిడికి కుడి అరచేయి కాయగట్టింది. కనుబొమల మీద ఎప్పుడూ తెల్లటి నూలు నూగు ఉండేది. అతని గురించి వాడకట్టులో చెప్పుకోవలసింది ఏమీ లేదు. అంచు చీరలు నేసి పేరు తెచ్చుకున్నవాడు కాదు, బతుకంతా ముతక ధోవతులే నేశాడు. కల్లు ముట్టడు. శనివారం ఒక్కపొద్దు ఉంటాడు. ఎవరైనా తలచుకుంటే మంచోడు అంటారు, అని మరిచిపోతారు. ఆ మంచివాడి లోపల పదేళ్లుగా ఒకటి కాలుతున్నదని భార్య బుచ్చవ్వకు మాత్రమే తెలుసు.

పదేళ్ల కింద, రజాకార్ల గడబిడ నాడు, అతను షోలాపురంలో కూలికి నేస్తున్నాడు. నూలు కోసం వచ్చిన ఊరివాడొకడు చాయ్ తాగుతూ, మీ అవ్వది నెల మాసికం కూడా అయిపోయింది కదా అన్నాడు. అంతయ్య తన చాయ్ పూర్తిగా తాగాడు. ఎందుకు తాగాడో ఇప్పటికీ అతనికి తెలియదు. ఊరికి వచ్చి అడిగితే, దారులు బందున్నాయి, కబురు ఎట్లా పంపేది అన్నాడు రాయమల్లు. కానీ ఖానాపూర్‌లో ఉన్న మేనత్తకు కబురు పోయింది. ఆమె గోదావరి దాటి వచ్చింది. తల్లి చివరి పూట దాకా 'అంతడేడి, అంతడేడి' అని అడిగిందని ఆమే చెప్పింది. అంతయ్య మళ్లీ పోయి నిలదీస్తే, రాయమల్లు మగ్గం ఆపకుండానే ఒక్క మాట అన్నాడు.

"నువ్వొస్తే లేసి కూసుంటుండెనా?"

ఆ మాట మీదనే రెండిళ్ల మధ్య గోడ లేచింది. ఏటేటా తల్లి తద్దినం పెద్దకొడుకుగా గోడకు అవతల రాయమల్లే పెట్టేవాడు. తమ్ముణ్ని పిలవలేదు. గారెల వాసన గోడ దాటి వచ్చేది. కాకులు అవతలి కప్పు మీదనే వాలేవి. ఒక్క కాకి అయినా ఇటు వాలుతుందేమోనని అంతయ్య పెరట్లో నిలబడి చూసేవాడు.

నిరుడు ధర్మపురిలో గోదావరి స్నానం చేసి ఒడ్డున కూర్చున్నప్పుడు పంతులు బదరీ సంగతులు చెప్పాడు. అక్కడ బ్రహ్మకపాలమని ఒక చోటు ఉంది. అక్కడ ఒక్కసారి పిండం పెడితే పోయినవాళ్లకు ఇక ఎన్నడూ పెట్టే పని లేదు.

"చిన్నకొడుకు పెట్టొచ్చునా అయ్యగారూ?" అని అడిగాడు అంతయ్య.

పెట్టవచ్చు అన్నాడు పంతులు.

"మరి అటెన్క పెద్దకొడుకు?"

పెద్దవాడికి ఇక పనేముంటుంది అని పంతులు నవ్వాడు. తల్లి మీద ఇంత భక్తి ఈ కాలంలో చూడలేదని మెచ్చుకున్నాడు కూడా. ఇంటికి వచ్చే దారిలో, ఇది భక్తేనా అని అంతయ్య ఒకసారి తనను తాను ప్రశ్నించుకున్నాడు. దేవుని కోసం ఎక్కినవాడికీ, అన్న చేతిలోంచి అవ్వను గుంజుకోవడానికి ఎక్కినవాడికీ కొండ మీద కాళ్లనొప్పి ఒక్కటే. నారాయణుడు నొప్పిని చూస్తాడా, లోపలిది చూస్తాడా? అయినా ఆగాలని అనిపించలేదు. వచ్చే తద్దినం నాడు రాయమల్లు ఖాళీ చేతులతో గోడవతల కూర్చోవాలి. ఈ యాత్ర అందుకే.

రాయమల్లుది దమ్ము రోగం. ఇన్నేళ్లూ గోడవతల దగ్గు వినబడినప్పుడల్లా అంతయ్య లోపల 'దగ్గు, ఇంకింత దగ్గు' అనుకునేవాడు. ఈ ఒక్క రోజు ఆ దగ్గు ఆగకూడదు. పగవాడు పొద్దుగూకేదాకా బతకాలి.

బుచ్చవ్వ పెరటి దారిన ఖాళీ గిన్నెతో వచ్చింది. ఎన్నిసార్లు వద్దన్నా ఆమె తన యారాలు కిష్టవ్వ ఇంటికి పోవడం మానలేదు. ఇద్దరూ ఒకే అత్త కింద కాపురం చేసిన కోడళ్లు. ఆమె నోరు తెరవబోతే అంతయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"నా చెవుల ఏం వెయ్యకు."

"ఏమెయ్యలే. బావకు జావ పట్టిన. రెండు గుటకలు మింగిండు."

"ఇంకింత పట్టరాదు?"

"గిదేం ప్రేమనయ్యా నీది. పదేండ్ల సంది సావాలె సావాలె అంటివి. ఇయ్యాల జావ పట్టుమంటున్నవు."

"నేను బస్సెక్కినంక ఏమన్న కానీ. వాడు కావాల్నని ఇయ్యాలనే సస్తడు సూడు. నా యాత్ర చెడగొట్టేటందుకే సస్తడు."

"నువ్వెందుకు పోతున్నవో బావకు ఎరుకే. నేనే చెప్పిన."

అంతయ్య చెయ్యి తాడు మీద ఆగింది. ఆ మాట అతనికి నచ్చింది.

"ఏమన్నడు?"

"నవ్వబోయిండు. దగ్గొచ్చింది."

ఆమె సత్తుపిండి మూటగట్టడానికి లోపలికి పోయింది. మధ్యాహ్నం నాడెలో నూలు కండె మార్చడానికి ఆగినప్పుడు గోడవతల సన్నగా దగ్గు వినబడింది. అంతయ్యకు ప్రాణం కుదుటపడింది. ఆ తర్వాత కండె మార్చిన ప్రతిసారీ, నాడె మళ్లీ కదిలేదాకా, గోవిందా గోవిందా అని గట్టిగా అంటూ కూర్చున్నాడు. దగ్గు వస్తున్నదో లేదో తెలుసుకోవాలని అతనికి లేదు.

పొద్దు వాలాక బుచ్చవ్వ వచ్చి లేవమన్నది. ఆమె ముఖంలోకి చూడకుండానే అతను మగ్గం ఆపాడు. వాడకట్టులో ఒక్క మగ్గం చప్పుడు లేదు. ఎంతసేపటి నుంచి తన మగ్గం ఒక్కటే ఆడుతున్నదో. తనను సాగనంపడానికి అందరూ ఆపి వచ్చారని అనుకున్నాడు. వాడకట్టంతా మగ్గాలు ఆపేంత మనిషి తాను కాదని తెలుసు. అయినా అట్లాగే అనుకున్నాడు.

బయట నిజంగానే జనం ఉన్నారు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. కిష్టవ్వ తన గడపలో, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడి ఉంది. అంతయ్య తల తిప్పుకున్నాడు. ఏడుపు వినబడలేదు కాబట్టి అన్న బతికే ఉన్నాడు. ముప్పయ్యేళ్ల ముత్యం, రాయమల్లు కొడుకు, వచ్చి మూట భుజానికి ఎత్తుకున్నాడు. గోడ లేచిన తర్వాత వాడు ఈ ఇంటి వస్తువు ముట్టడం ఇదే మొదలు. దాన్ని మోసుకుంటూ ముందు నడిచాడు.

బస్సులో పంతులూ జట్టువాళ్లూ అప్పటికే కూర్చున్నారు. ముత్యం మూటను బస్సు కప్పు మీదికి అందించాడు. అంతయ్య ఎక్కి, కిటికీ పక్క సీటు మీద తువాలు పరిచి, నీళ్లు తాగడానికి మళ్లీ దిగి బావి దగ్గరికి పోయాడు. అక్కడి నుంచి తమ వాడకట్టు కప్పులు కనిపిస్తాయి. పొయ్యిలు అంటించే వేళ. ఊరంతా నీలంగా పొగ లేస్తున్నది. తమ వాడకట్టు మీద మాత్రం లేదు.

ఒక ఇంట్లో శవం ఉంటే, అది లేచేదాకా వాడకట్టులో పొయ్యి వెలగదు, మగ్గం ఆడదు. అవ్వ పోయిననాడు కూడా ఇట్లాగే ఆపి ఉంటారు. తాను చూడలేదు.

"ముత్యం, మన వాడకట్టు మీద పొగ లేదేందిరా?"

ముత్యం నేల చూశాడు.

"ఎక్కు చిన్నబాపు. నేనేం చెప్పలే, నువ్వేం వినలే."

"ఎవలు చెప్పొద్దన్నరు?"

"బాపే. చిన్నోడు బస్సెక్కేదాక ఎవ్వలు ఏడ్వొద్దన్నడు. అవ్వకు ఇగ వాన్నే పెట్టనియ్యిమన్నడు."

డ్రైవరు హారన్ కొట్టాడు. పంతులు కిటికీలోంచి చెయ్యి ఊపాడు. పోయిండు అన్న మాట ఇంకా ఎవరి నోటా రాలేదు. ఎక్కవచ్చు. ఎక్కితే అవ్వ తనది. కానీ పదేళ్లుగా గుంజుకోవాలని చూసినదాన్ని రాయమల్లు చావుమంచం మీద నుంచి తీసి చేతిలో పెట్టాడు, ఏడ్చే పిల్లవాడికి బెల్లంముక్క ఇచ్చినట్టు. ఆనాడు కబురు దాచి అవ్వను తీసుకున్నాడు. ఈనాడు కబురు దాచి ఇస్తున్నాడు. చెప్పాలో వద్దో రెండుసార్లూ వాడే తేల్చాడు. ఈ దానం పట్టుకొని కొండ ఎక్కితే, పిండం పెట్టేది తన చెయ్యే అయినా పెట్టించినవాడు రాయమల్లే అవుతాడు.

అంతయ్య కోపంతో ముత్యం భుజం పట్టుకున్నాడు.

"ఆనాడు గూడ గిట్లనే చెప్పకపోతిరి. రెండోపారి నేను పడ. చెప్పు."

"యాత్ర పోతది చిన్నబాపు."

"నోరు తెరిచి చెప్పురా."

ముత్యం అరచేత్తో కళ్లు మూసుకున్నాడు.

"బాపు పోయిండు."

అంతయ్య బావిలో బొక్కెన వేసి చేదాడు. తాను నేసుకున్న కొత్త ధోవతి మీదనే, నెత్తి మీది నుంచి నీళ్లు కుమ్మరించుకున్నాడు. మళ్లీ చేదాడు, మళ్లీ కుమ్మరించుకున్నాడు. పిలవబోయిన పంతులు ఆ నీళ్లను చూసి నోరు మూసుకుని, తల లోపలికి తీసుకున్నాడు.

"ఉరుకు," అన్నాడు అంతయ్య ముత్యంతో. "ఈపారి నేను లేంది పాడె లేవద్దని చెప్పు."

ముత్యం వాడకట్టు వైపు ఉరికాడు. కొద్దిసేపటికి అటు నుంచి కిష్టవ్వ ఏడుపు లేచింది, దాని వెంట బుచ్చవ్వది. అంతయ్య తడిబట్టలతో రోడ్డు దాటబోతుంటే బస్సు కదిలి అడ్డం వచ్చింది. అతను ఆగాడు. లోపల మనుషులు కడ్డీ పట్టుకొని నిలబడి ఉన్నారు. కిటికీ పక్క సీటు మీద అతని తువాలు పరిచినట్టే ఉంది. ఎవరో వస్తారని, దాని మీద ఎవరూ కూర్చోలేదు.